ఈదుకుంటూ వెళ్లిన మా ఆయన

నిజామాబాదు,
శుక్రవారం మధ్యాహ్నం

ఒసే సుబ్బులూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి ధనుర్మాసంలో జవాబు రాస్తున్నాను. నీ కవరు బియ్యం డబ్బా మీదే ఉంది. డబ్బా మూత తీసినప్పుడల్లా మన హాస్టలు గొడుగు మేడమ్‌లా నా వంక చూస్తూనే ఉంది. ఆలస్యమైన నెలకొక ఉప్మా అన్న మన లెక్క ప్రకారం నీకు నేను తొమ్మిది బాకీ. ఒప్పుకున్నాను, ఇక వదిలెయ్.

ఇంటి కబుర్లు: అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. పిల్లాడికి పుణేలో ఉద్యోగం వచ్చింది, పెళ్లి మాటెత్తితే సిగ్నలు లేదంటాడు. మేడ మీద గది మళ్లీ కురిసింది. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఒక్కదాన్నే ఊరెళ్లి వచ్చానే! ఆరు రోజులు! పెళ్లికి కాదు, పురిటికి కాదు, పరామర్శకూ కాదు. ఊరికే. నరసాపురం.

ఎందుకు నరసాపురం అంటావు కదా. మా ఊళ్లో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది 2023 డిసెంబరులో. అప్పటి నుంచి నాకొక పాడలవాటు పట్టుకుంది, ఆదివారం పూట వంట చేసి పెట్టేసి ఏదో ఒక బస్సెక్కి కూర్చోవడం. బాసర వెళ్లాను, బోధన్ వెళ్లాను. ఒకసారి కందకుర్తి వెళ్లి సాయంత్రం దాకా రాతి మీద కూర్చున్నాను. గోదావరి మహారాష్ట్ర దాటి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. వానాకాలం పోయాక నీళ్లు దిగి, నదిలో మునిగిన శివాలయం పైకి తేలి ఉంది. అది చూస్తూ చూస్తూ, ఈవిడ ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుందో చివరిదాకా చూస్తే బాగుండును అనిపించింది. అంతే. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే మనిషి కదా, ఆఖరి మెట్టు దగ్గర ఎలా ఉంటుందో అని.

మా ఆయన "ఒక్కదానివా? అక్కడేం చేస్తావు?" అన్నారు. "ఏమీ చెయ్యను" అన్నాను. ఆ జవాబు ఆయనకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. తప్పు ఆయనది కాదులే. ఆయనతో కాశీ వెళ్లినప్పుడు రెండు రోజుల్లో పదిహేడు గుళ్లు చూశాం, గంగను మాత్రం ఆయన ఫోనులో తీసుకున్న వీడియోలోనే చూశారు. నేను మెట్ల మీద కూర్చుంటే "లే, లే, ఆటో ఆగి ఉంది" అని ఒకటే తొందర. ఆ కూర్చోవడం నాకు బాకీ ఉండిపోయింది.

సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే పొద్దున్న భీమవరం, పాలకొల్లు దాటి నరసాపురం. పట్టాలు అక్కడితో అయిపోతాయి. దిగాల్సిన ఊరు దాటిపోతుందన్న బెంగ లేదు, నాలాంటి వాళ్ల కోసమే వేసిన లైను. మొదటి లాడ్జిలో గుమాస్తా నా వెనక్కి తొంగి చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ చూశాడు. "ఒక్క ఆడవాళ్లకు గది ఇవ్వమండీ" అన్నాడు. ఆధార్ కార్డు చూపించాను, యాభై రెండేళ్లు అన్నాను, పూర్వం నువ్వు వార్డెనుతో పోట్లాడినట్టు పోట్లాడాను. లాభం లేదు. నిజం చెప్పనా, రోడ్డు మీద బ్యాగు పట్టుకుని నిలబడితే గొంతులో ఏదో అడ్డుపడింది. తిరుగు రైలు ఎప్పుడా అని కూడా ఆలోచించాను. రెండో చోట మాత్రం ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఏమీ అడగకుండా తన గది పక్క గది తాళం చేతిలో పెట్టి, "గొళ్లెం గట్టిదే, వేడినీళ్లు ఆరింటికి" అంది. గొళ్లెం అనగానే మన హాస్టలు పదకొండో నంబరు గది గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది.

ఇక అందరిదీ ఒకటే ప్రశ్న. "ఒక్కరే వచ్చారా?" ఇడ్లీ కొట్టులో, గుళ్లో, రిక్షా స్టాండులో. పాలకొల్లు బస్సులో కండక్టరు కూడా. అక్కడా ఇప్పుడు ఆడవాళ్లకు ఉచితమే, కానీ ఆ రాష్ట్రం వాళ్లకే. నా తెలంగాణ ఆధార్ చూసి టికెట్టు కొట్టి, "అంత దూరం నుంచి ఒక్కరే?" అన్నాడు. డబ్బులూ పోయాయి, ప్రశ్నా తప్పలేదు. నువ్వు నమ్మవు, లెక్కపెట్టాను. రెండు రోజుల్లో ముప్పై ఒక్కసార్లు. అవునంటే జాలి, కాదంటే ఎదురు చూపు. అందుకని అబద్ధాలు మొదలుపెట్టాను. మావారికి ఒంట్లో బాగా లేదు, గదిలో పడుకున్నారని ఒకచోట చెప్పాను. చక్రకేళీలు కొనే చోట సర్వేకి వచ్చానన్నాను, అది మహా ప్రమాదం. పావుగంటలో నలుగురు చుట్టూ చేరి, పింఛను ఆగిపోయింది రాసుకోండమ్మా అని ఒకరు, డ్రైనేజీ అని ఒకరు. అరటిపళ్లు అక్కడే వదిలేసి వచ్చాను.

ఇప్పుడు పంటు గురించి చెప్పాలి. అనంతపురం దానివి, నీకేం తెలుస్తుంది. రెండు పెద్ద పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను పెడితే అదే పంటు. మోటారు సైకిళ్లు, కొబ్బరి గెలలు, గేదె, పెళ్లివారి కారు, అన్నీ ఎక్కుతాయి. ఇవతల నరసాపురం, అవతల సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి. ఇటు పశ్చిమ గోదావరి జిల్లా, అటు కోనసీమ. కందకుర్తిలో నేను చీర కుచ్చిళ్లు ఎత్తి దిగిన గోదావరేనా ఇది అనిపించింది. పొద్దున్న మంచులో అవతలి ఒడ్డు కనపడదు, ఇంజను చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

మూడో రోజు పొద్దున్న పంటెక్కాను. నా పక్కన బల్ల మీద ఒక మామ్మగారు, డెబ్భై దాటి ఉంటాయి. చేతిలో లేసు సూది, ఒళ్లో తెల్ల దారం ఉండ, తల ఎత్తకుండా అల్లుతోంది. ఆ చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా ఇదే పని. ఎప్పుడో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక, ఇప్పటికీ విదేశాల బల్లల మీదికి వెళుతుంది. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది. "ఒక్కరే వచ్చారా అమ్మా?"

"లేదండీ, మావారు అవతలి ఒడ్డున ఉన్నారు" అన్నాను. ఊఁ అంది. అంతే.

సఖినేటిపల్లిలో దిగి, టీ తాగి, కాలవ గట్టు వెంట నడిచి, ఒక కొబ్బరితోటలో వాళ్లు పీచు తీస్తుంటే చూస్తూ కూర్చుని (ఎంతసేపో తెలియదు, గడియారం చూడలేదు, అది చెప్పుకుంటే నీకు కుళ్లు వస్తుంది) సాయంత్రం తిరుగు పంటెక్కాను. అదే బల్ల. అదే మామ్మగారు. ఈసారి పక్కన పాలవాడు అడిగాడు, ఒక్కరేనా అని. నా నోరు ఉంది చూశావూ, అలవాటు ప్రకారం "మావారు నరసాపురం రేవులో ఎదురు చూస్తున్నారు" అనేసింది.

మామ్మగారు సూది ఆపింది. కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"పొద్దున్న ఆ ఒడ్డున ఉన్నారన్నావు. పంటు మీద నాకు కనపడలేదే. ఈదుకుంటూ వెళ్లారా?"

సుబ్బులూ, పంటంతా విన్నదే! ఇంజను దగ్గర నిలబడ్డవాడు కూడా విన్నాడు. పాలవాడు క్యాను మీద వాలిపోయి నవ్వాడు. ఒకాయన "ఎదురు నీటిలో కష్టమేనండీ" అని సానుభూతి చూపించాడు. గోదావరి వెటకారం, గోదావరి వెటకారం అని మనం వినడమే తప్ప నడినీటిలో, దిగి పారిపోయే వీలు లేకుండా అనుభవించింది నేనొక్కదాన్నే. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కళ్లనీళ్లు వచ్చాయి. మన రాజమండ్రి రైలు తర్వాత అంత నవ్వడం ఇదే.

మర్నాటి నుంచి నేను ఈతగాడి పెళ్లాన్ని. టికెట్లిచ్చే కుర్రాడు "ఈరోజు అయ్యగారు ఎక్కారా, దూకారా?" అంటాడు. రేవులో టీ కొట్టాయన రెండు గ్లాసులు పోసి, ఒకటి తువ్వాలు తీసుకుని రాబోయే ఆయనకట! విచిత్రం చూడు, ఆ తర్వాత ఒక్కరంటే ఒక్కరు "ఒక్కరే వచ్చారా" అని అడగలేదు. రాత్రి ఫోనులో మా ఆయనకు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు ఈత రాదని చెప్పు వాళ్లకి" అన్నారు. పాపం.

కానీ నీకు చెప్పాలనుకున్నది ఇది కాదే. నాలుగో రోజు మామ్మగారి పక్కనే కూర్చున్నాను. ఆవిడ ఒళ్లోది చూస్తే, నిన్న పొద్దుటి పువ్వే. నిన్న సాయంత్రానిదీ అదే. ఎంత దారం అల్లితే అంత కూలి కదా, ఇంత నెమ్మదిగా అల్లితే ఎలా అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, అల్లిందంతా ఒక్క లాగు లాగి విప్పేసింది! మళ్లీ మొదటి ముడి వేసింది. "అవతలి ఊళ్లో లేసు ఇచ్చి రావాలని కోడలికి చెబుతాను. అక్కడ నాకు పనేమీ లేదు. దిగను కూడా దిగను, ఇదే పంటులో తిరిగి వస్తాను" అంది.

"మరి ఎందుకు మామ్మగారూ?"

"ఇంట్లో కూర్చుంటే ఎవరో ఒకరు మంచినీళ్లడుగుతారు. ఇక్కడ ఇన్ని నీళ్లున్నాయి, ఒక్కరూ అడగరు."

నాకు మాట రాలేదు. ఆ రోజు ఇద్దరం దిగకుండా మూడుసార్లు అటూ ఇటూ తిరిగాం. మాట్లాడుకున్నది కూడా తక్కువే. టికెట్టు కుర్రాడు ఆవిడ దగ్గర ఒకసారే డబ్బు తీసుకుంటాడు, నా దగ్గర మాత్రం ప్రతిసారీ. ఎప్పటి నుంచి ఇలా అని అడిగితే వేళ్లు లెక్కపెట్టి మధ్యలో వదిలేసింది. ఇక్కడ వంతెన కడతారని తన పెళ్లయిన కొత్తలో విన్నదట. అది వస్తే ఈవిడ... సరేలే, అది ఇప్పుడెందుకు. వంతెన రావాలి కూడా, రాత్రిపూట పురిటి నొప్పులొస్తే ఆ ఒడ్డు వాళ్ల అవస్థ అక్కడ విన్నాను. రెండూ నిజమే. నాకు తెగలేదు.

అంతర్వేది వెళ్లానా అంటావు. వెళ్లాను, ఐదో రోజు, తీరిగ్గా. నరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరికి నడిచాను. నది సముద్రంలో కలిసే చోటు. ఇటు మట్టిరంగు, అటు నీలం, మధ్యలో ఎక్కడ గీత గీయాలో తెలియదు. గొప్ప ఆలోచనలు ఏవో వస్తాయనుకుని వెళ్లి కూర్చుంటే, మేడ మీద గదికి సున్నం వేయించాలా, తారు వేయించాలా అన్నదే తిరిగింది బుర్రలో. తర్వాత అదీ పోయింది. ఇసుకలో పీతలు బొరియల్లోంచి వచ్చి నన్ను చూసి, ఏమీ చెయ్యదులే అనుకుని తమ పని తాము చూసుకున్నాయి. వెలుగు పోకముందే లేచాను, అక్కడ చీకటి పడ్డాక ఆటోలు పలచబడతాయని లాడ్జి ఆవిడ ముందే చెప్పింది. ఈ ఒక్క జాగ్రత్త మాత్రం వదల్లేదు, వెళ్లిన ప్రతిచోటా వెలుగుండగానే దిగడం, గదికి చేరగానే ఆవిడకు ఒక కేక వెయ్యడం. లేకపోతే ఆ తీరిక నాకు దక్కేది కాదు.

ఊరు వదిలే పొద్దున్న రేవుకు వెళ్లాను. మామ్మగారు అప్పటికే కూర్చుని ఉంది. వెళుతున్నానంటే సంచీలోంచి చిన్న లేసు పువ్వు తీసి ఇచ్చింది, పూర్తిగా అల్లినది! విప్పకుండా ఎలా ఉంచావు మామ్మగారూ అన్నాను. ఆవిడ నా చెవి దగ్గర ఒక మాట చెప్పింది. అది కాగితం మీద పెట్టేది కాదు, పైగా నువ్వు నీ ఆడపడుచు చేత ఉత్తరాలు చదివిస్తావు, నాకు తెలుసు. సంక్రాంతికి వస్తున్నావుగా, అప్పుడు

అదుగో, పుణే నుంచి ఫోను. ఈ పిల్లాడికి సరిగ్గా ఇప్పుడే సిగ్నలు దొరికింది. నాలుగింటికి టపా కట్టేస్తారు, మూడూ నలభై అయింది, కవరుకు జిగురు కూడా లేదు, అన్నం మెతుకులతో అంటిస్తున్నాను. పువ్వు నీకు పంపడం లేదు, అడగకు.

నీ
ఈతగాడి పెళ్లాం