యానాం నవల ఎందుకు ఆలస్యమైందంటే

అందరికీ నమస్కారం. దసరాకి మీ చేతికి రావాల్సిన యానాం నవల సంక్రాంతికి గానీ రాదు. ముందే డబ్బు కట్టినవాళ్లు రోజూ అడుగుతున్నారు. అడగడం న్యాయమే.

అసలు ఆలస్యం అట్ట దగ్గర. చిత్రకారుడు మూడు తెరచాపల పెద్ద ఓడ వేసి పంపాడు, పైన ఒంటికన్ను దొంగ ఒకడు. బొమ్మ అదిరింది. కానీ యానాం పక్కన గోదావరి గౌతమి పాయలో అంత ఓడ ఎక్కడ నడుస్తుందండీ? ఇసుక మేటలు వేసి కోరంగి రేవే పాడైపోయింది. మన కథలో ఫ్రెంచి పాలనలోని యానాం నుంచి దొంగచాటుగా సారా సీసాలు దాటేది చిన్న నావలో, అరటి గెలల కింద. మళ్లీ వేయించాం. ఇప్పుడు అట్ట మీద నావ, దాని ముందు భాగాన గంగమ్మ తల్లికని పెట్టిన పసుపూ కుంకుమా. ఇలాగైతే ఎవరూ కొనరని మా అబ్బాయికి ఒకటే టెన్షన్.

'నిజంగా జరిగిన కథ' అని అట్ట మీద వేయమని పుస్తకాల షాపుల వాళ్లు అంటున్నారు. వేయం. ప్రేమ కల్పితం, ఊరు నిజం. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది, చుట్టూ 1947 దాకా బ్రిటిష్ వాళ్ల గోదావరి జిల్లా. ఫ్రెంచి స్థావరాల్లో పండే ఉప్పు కొనే హక్కును బ్రిటిష్ వాళ్లు 1815లోనే ఏటా 4 లక్షల సిక్కా రూపాయలకు రాయించుకున్నారు. పన్ను కట్టకుండా పొలిమేర దాటే ఉప్పంటే వాళ్లకి అంత బెంగ. 1930లో శారదా చట్టం వచ్చి 14 ఏళ్లలోపు ఆడపిల్లకి పెళ్లి చేయడం నేరమయ్యాక, ఇక్కడివాళ్లు పిల్లల్ని తీసుకుని, ఆ చట్టం వర్తించని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసేవాళ్లు. మా రచయిత్రి అక్కడే పట్టుకున్నారు. అలా పెళ్లయి, చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల పెద్దదయ్యాక, ఒకప్పుడు తన పెళ్లివాళ్లని రేవు దాటించిన మనిషి కొడుకునే ఇష్టపడుతుంది. వాడు నడిపేది దొంగ సరుకు నావ.

సరదా ప్రేమకథ అనుకుని కట్టినవాళ్లకి ముందే చెబుతున్నా, ఇది అంత సరదాగా ఉండదు. వద్దనుకుంటే ఒక మెసేజ్ పెట్టండి, మొత్తం డబ్బు వెనక్కి వేస్తాం.

పేజీలు పెరిగి ధర 250 నుంచి 300 అయింది. ముందు కట్టినవాళ్లు పైసా అదనంగా ఇవ్వక్కర్లేదు. ఆ కాపీల మీద మాకు మిగిలేది ఏమీ లేదు గానీ, మాట మాటే. చిరునామా మారినవాళ్లు మాత్రం ఈ నెలాఖరులోపు చెప్పండి, పార్సిల్ తిరిగొస్తే రెండోసారి పోస్టేజీ మా వల్ల కాదు.