షాపు ముందు పాత బట్టల పెట్టె తీసేస్తున్నాం, సేకరణ మాత్రం ఆపడం లేదు

మా లాండ్రీకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి షాపు బయట మెట్ల పక్కన ఉండే పాత బట్టల పెట్టె ఇక ఉండదు. బట్టలైనా సామానైనా షాపు తెరిచి ఉన్న వేళల్లో కౌంటర్ దగ్గర మా చేతికే ఇవ్వండి. దయచేసి రాత్రిపూట గేటు ముందు మూటలు పెట్టి వెళ్లొద్దు. పెట్టె ఉంటే ఎప్పుడంటే అప్పుడు వేసి పోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. ఎందుకు తీసేస్తున్నామో మీకు చెప్పాలి.

విశాఖ గాలి సంగతి మీకు తెలిసిందే. బీరువాలో మడతపెట్టిన బట్టకే ముక్కిపోయిన వాసన వస్తుంది. ఇక పెట్టె నిండిపోయి, పక్కన ప్లాస్టిక్ సంచిలో రాత్రంతా మంచుకి నానిన బట్టల పరిస్థితి ఏమిటో ఊహించండి. మూటలో ఒక్క తడి తువ్వాలు ఉంటే చాలు, తెల్లారి చూసేసరికి మిగతావాటికీ తేమ పాకుతుంది. రెండు రోజులు గమనించకపోతే బూజే. నల్లగా బూజు మచ్చలు పడిన నూలు బట్ట మిషన్‌లో ఎన్నిసార్లు తిప్పినా బాగుపడదు. అలా పోయినవాటిలో మంచి చీరలు, పిల్లల స్కూలు యూనిఫారాలు కూడా ఉన్నాయి. ఇచ్చినవాళ్లు మంచి మనసుతోనే ఇచ్చారు. అవి ఎవరికీ అందలేదన్నదే నా బాధ.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మీరిచ్చిన ప్రతి చొక్కా ఎవరో ఒకరు తొడుక్కుంటారని అనుకోకండి. మా షాపులో పనిచేసేవాళ్లు మూటలు విప్పి వేరుచేస్తారు. కట్టుకోదగ్గవి ఉతికి, ఇస్త్రీ చేసి, నగరంలో నిరాశ్రయులు తలదాచుకునే వసతి గృహాలకు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు పంపుతాం. మెత్తబడిన నూలు చీరలు, పంచెలు బొంతలు కుట్టేవాళ్లకు ఇస్తాం. చిరిగిన నూలు బట్ట మెకానిక్ షెడ్లకు చేతులు తుడుచుకోవడానికి పోతుంది. దానికి వచ్చే కాస్త డబ్బు సబ్బుకి, వ్యాన్ కిరాయికి కూడా సరిపోదు. మిగతా ఖర్చు షాపే భరిస్తుంది, అది మాకు ఇష్టమే.

చిరిగిన పాలిస్టర్‌తోనే చిక్కంతా. అది నూలులా తడి పీల్చదు కాబట్టి మెకానిక్ తీసుకోడు, బొంతకీ పనికిరాదు. చివరికి చెత్తబండికే వెయ్యాలి. అలాగని భోగి మంటలో వేయకండి. పాలిస్టర్ అంటే ప్లాస్టిక్ దారమే. కాలితే వచ్చే పొగను మంట చుట్టూ నిలబడిన పిల్లలే పీలుస్తారు. పండగ ముందు ఇల్లు సర్దేటప్పుడు, తొడుక్కోదగ్గ పాలిస్టర్ చొక్కా ఉంటే చిరగకముందే ఇవ్వండి. అప్పుడైతే దానికి తప్పకుండా మనిషి దొరుకుతాడు.

అసలు మాకు తక్కువగా వచ్చేవి మగవాళ్ల బట్టలే. ఆడవాళ్లవి, పిల్లలవి బాగానే వస్తాయి. మగవాళ్లు ప్యాంటు పూర్తిగా అరిగిపోయేదాకా వదలరు. వసతి గృహాల్లో ఉండేవాళ్లలో, కట్టుబడి పనులకు వలస వచ్చేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. వాళ్లకు కావలసింది గట్టి ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా, చెప్పులు. చీర ఇస్తే లంగా, జాకెట్ కూడా జత చేయండి. జత లేని చీర తీసుకున్నామె మళ్లీ వాటికోసం డబ్బు వెతుక్కోవాలి. వాడిన లోదుస్తులు మాత్రం వద్దు. అవతలి మనిషి మర్యాద కూడా చూడాలి కదా.

సామాను విషయంలో స్టీలు గిన్నెలు, పళ్లాలు, బకెట్లు ఎప్పుడైనా తీసుకుంటాం. కుక్కర్ ఇచ్చేటప్పుడు రబ్బరు, వెయిట్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. అవి లేని కుక్కర్ ప్రమాదం. పాడైన మిక్సీ, టీవీ తీసుకోం, బాగుచేసే ఏర్పాటు మా దగ్గర లేదు. పట్టుచీరలు ఇచ్చేముందు ఒకసారి జరీ చూపించుకోండి. పాతకాలపు వెండి జరీ అయితే కొనేవాళ్లున్నారు, ఆ డబ్బు మీ ఇంటికే అక్కరకు రావచ్చు. హ్యాండ్‌బ్యాగులు, ప్యాంటు జేబులు వెతికి ఇవ్వండి. ఆధార్ జిరాక్సులు, తాళాలు తరచూ దొరుకుతున్నాయి, ఎవరివో తెలిసినవి ఫోన్ చేసి తిరిగి ఇస్తున్నాం.

రసీదు ఇస్తే పన్ను తగ్గుతుందా అని కొందరు అడుగుతున్నారు. తగ్గదండి. విరాళాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే, వస్తువులకు వర్తించదు.

ఇప్పుడు అన్నిటికంటే అవసరం రగ్గులు, స్వెట్టర్లు. అల్లూరి జిల్లాలో లంబసింగి, చింతపల్లి వైపు ఈ రోజుల్లో రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. మనం ఇక్కడ ఫ్యాన్ వేసుకునే పడుకుంటాం కాబట్టి ఆ చలి మనకు తట్టదు. బట్టలన్నీ ఉతికి ఇమ్మని అడుగుతున్నాను గానీ, రగ్గు ఇంట్లో ఉతకడం కష్టమని నాకు తెలుసు. వాటిని అలాగే తెచ్చేయండి. దానానికి ఇచ్చే రగ్గులు, దుప్పట్లు మేమే ఉతికి ఆరబెడతాం, డబ్బు తీసుకోం. వీటిని ఆ జిల్లాకు తీసుకెళ్లే పాడేరు వ్యాన్ భోగికి ముందే బయలుదేరుతుంది. ఉతికి, ఆరడానికి టైమ్ పడుతుంది కాబట్టి జనవరి మొదటి వారం దాటకుండా ఇవ్వండి.