పిల్లల్ని జర్మనీ పంపే ముందు అక్కడ రోజు ఎలా గడుస్తుందో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం సార్. నేను ప్రస్తుతం జర్మనీలో కెమ్నిట్జ్ అనే ఊళ్ళో మాస్టర్స్ చదువుతున్నాను. మీ జిల్లా పేజీలు ఫోన్‌లో రోజూ చూస్తాను. విదేశాల్లో చదివే పిల్లల గురించి అందులో వచ్చేవి ఎక్కువగా రెండే రకాలు, ఒకటి ఫలానా ఊరి కుర్రాడికి ఇన్ని లక్షల ప్యాకేజీ వచ్చిందని, రెండోది ఎవరో చనిపోయారు, బాడీ ఎప్పుడొస్తుందో అని. మిగతా మా అందరి రోజులు ఎలా నడుస్తున్నాయో ఎక్కడా రాదు, ఆ తెలియనితనం మీదే మన జిల్లాలో అప్పులు పుడుతున్నాయి, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా వేయండి.

ఈమధ్య మా చుట్టాల్లో ఒక పిన్ని ఫోన్ చేసింది, మందస నుంచి. "మా గుంటడ్ని కూడా అక్కడికే పంపుదామనుకుంటున్నామే, పార్ట్‌టైం చేసుకుంటే ఖర్చులు పోను నెలకి యాభై వేలు ఇంటికి పంపొచ్చంట కదా" అంది. ఎవరు చెప్పారు పిన్నీ అంటే టౌన్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారంట. మా నాన్నకి కూడా అప్పట్లో సరిగ్గా ఇదే మాట చెప్పారు, వేరే ఆఫీసులో, వేరే మనిషి. గల్ఫ్ ఏజెంట్ల మాటలు నమ్మి మోసపోయిన వాళ్ళు మన ఉద్దానంలో ప్రతి ఊళ్ళో ఉన్నారు, అందుకే గల్ఫ్ అంటే ఇప్పుడు నలుగుర్ని అడిగి గానీ పాస్‌పోర్ట్ ఇవ్వరు. చదువు అనేసరికి మాత్రం ఎవరూ ఏమీ అడగట్లేదు, అడిగితే పిల్లాడి భవిష్యత్తుకి అడ్డం పడినట్టు ఉంటుందని భయం.

లెక్క చెప్తాను చూడండి. వీసాకి ముందే బ్లాక్డ్ అకౌంట్ అని ఒకటి తెరిచి అందులో ఏడాది ఖర్చు వేయాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు, మన డబ్బుల్లో దగ్గర దగ్గర 12 లక్షలు. అది ఫీజు కాదు, మన డబ్బే, ఇక్కడికి వచ్చాక నెలకి 992 చొప్పున మనకే ఇస్తారు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్ వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్ళకి సెమిస్టర్‌కి 1500 యూరోలు ఉంది. ఆ 992లో హాస్టల్ రూమ్ అద్దె నాకు 300 దాకా పోతుంది, పెద్ద సిటీల్లో అయితే ఆ రేటుకి రూమ్ దొరకదు. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది 140, 150 మధ్యలో. ఇంక బియ్యం, కూరలు, ఫోన్, సెమిస్టర్‌కి యూనివర్సిటీకి కట్టే డబ్బు, చలికోటు, బూట్లు. జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది, మిగలడం మాత్రం ఉండదు.

ఇప్పుడు పార్ట్‌టైం సంగతి. 2026 జనవరి నుంచి ఇక్కడ కనీస కూలి గంటకి 13.90 యూరోలు, మా వీసా మీద ఏడాదికి 140 ఫుల్ డేలు గానీ 280 హాఫ్ డేలు గానీ పని చేయొచ్చు. కన్సల్టెన్సీ వాళ్ళు ఈ రెండింటినీ గుణించి చూపిస్తారు, కాగితం మీద చాలా బాగుంటుంది. కానీ పని ముందు దొరకాలి కదా. జర్మన్ రాకపోతే దొరికేవి పార్సిల్ గోడౌను, హోటల్ రూములు క్లీనింగ్, రెస్టారెంట్‌లో గిన్నెలు, సైకిల్ మీద ఫుడ్ డెలివరీ, వాటికి కూడా ఒక్కో ఊళ్ళో మనవాళ్ళే వందల్లో అప్లై చేస్తున్నారు. నేను పార్సిల్ గోడౌన్‌లో చేస్తున్నాను. రాత్రి పది గంటలకి షిఫ్ట్ మొదలు, బెల్ట్ మీద డబ్బాలు వస్తూనే ఉంటాయి, చేతికి స్కానర్, డబ్బా తిప్పి బార్‌కోడ్ వెతకాలి, బీప్ వినపడ్డాక పిన్‌కోడ్ చూసి పక్కన ఇనప బండిలో పేర్చాలి, కుక్కల మేత బస్తాలు, వాషింగ్ పౌడర్ అట్టపెట్టెలు అడుగున, చిన్నవి పైన. బండి నిండితే తోసుకెళ్ళి గేటు దగ్గర పెట్టి ఖాళీది తెచ్చుకోవాలి. మొదట్లో అరచేతులు అట్టపెట్టె అంచులకి కోసుకుపోయేవి, ఇప్పుడు గ్లౌజులు వేసుకుంటున్నా. కూలి సరిగ్గా వేస్తారు, పే స్లిప్ ఇస్తారు, మర్యాదగానే మాట్లాడతారు, దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ తెల్లారి రూముకొచ్చి రెండు గంటలు పడుకుని తొమ్మిదింటికి క్లాసుకి వెళ్తే బోర్డు మీద సార్ ఏం రాస్తున్నారో బుర్రకి ఎక్కదు.

ఇక్కడ పరీక్షల పద్ధతి మన పెద్దవాళ్ళకి అసలు తెలీదు. మన దగ్గర బ్యాక్‌లాగ్ ఉంటే సప్లీ రాసుకుంటూ పోతాం. ఇక్కడ చాలా కోర్సుల్లో ఒక సబ్జెక్టుకి మూడే అవకాశాలు, మూడోసారి కూడా పోతే ఆ కోర్సు నుంచే తీసేస్తారు, దాంతో వీసా కూడా ప్రశ్నలో పడుతుంది. రాత్రి షిఫ్టులు ఎక్కువ పెట్టుకుని మూడో అటెంప్ట్ దాకా వచ్చేసిన వాళ్ళని నేను చూశాను, వాళ్ళు తెలివి తక్కువ వాళ్ళు కాదు సార్, ఇంటి దగ్గర వడ్డీ ఆగదు కాబట్టి షిఫ్ట్ మానలేకపోయారు.

అసలు బాధ అక్కడే ఉంది, వడ్డీ. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి, మన దగ్గర ఉన్నదంతా పొలం, జీడితోట, కొబ్బరితోట, వ్యవసాయ భూమి అంటే చాలా బ్యాంకులు చదువు లోనుకి ఒప్పుకోవు. టౌన్‌లో ఇల్లో సైటో ఉన్నవాళ్ళకి బ్యాంకు లోను, మిగతా వాళ్ళకి నూటికి రెండు రూపాయల వడ్డీ. మా ఇంట్లో అదే జరిగింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా జీడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకి వస్తున్నాయి, నాన్న ఆ తోట మీదే బయట తెచ్చారు. 12 లక్షలకి రెండు రూపాయలంటే నెలకి 24 వేలు, ఇక్కడి లెక్కలో 240 యూరోలు, వడ్డీకే, అసలు అలాగే ఉంటుంది. నాకు పని దొరికింది కాబట్టి పంపగలుగుతున్నాను. దొరకని నెలలు కూడా ఉంటాయి, నాలాగే అప్పు మీద వచ్చి ఆరు నెలలు పని లేకుండా కూర్చున్న పిల్లలు ఉన్నారు, వాళ్ళు ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందనే చెప్తారు. చలికాలంలో మనకీ ఇక్కడికీ నాలుగున్నర గంటల తేడా, నేను షిఫ్ట్ నుంచి వచ్చేసరికి అక్కడ పదకొండు అవుతుంది, అమ్మ "తిన్నావేటే" అని అడుగుతుంది, ఆ టైంలో అమ్మకి ఏం చెప్పాలి అనేది మా హాస్టల్‌లో తెలుగు పిల్లలందరికీ ఒకటే కష్టం.

ఇదంతా చదివి ఇక్కడ బతుకు కష్టమే అనుకోవద్దు. లైబ్రరీ ఎంత బాగుంటుందో చెప్పలేను, ల్యాబ్‌లో ప్రొఫెసర్ పక్కన కూర్చుని మా ప్రోగ్రాం ఎందుకు ఆగిపోయిందో ఓపిగ్గా చూస్తారు, ప్రశ్న అడిగితే కోప్పడరు. ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి శనివారమే అన్నీ కొనుక్కుని ఆదివారం నలుగురం కలిసి పప్పు, పులుసు చేసుకుంటాం, ఎండు మిరపకాయల తాలింపు వేస్తే స్మోక్ అలారం మోగుతుందని కిటికీలన్నీ తీసి పెట్టుకుంటాం, మైనస్‌లో చలి అయినా సరే. ఊరి మధ్యలో కార్ల్ మార్క్స్ తలకాయ విగ్రహం ఉంది, ఒక్క తలే ఏడు మీటర్ల ఎత్తు, ఈ ఊరికి 1990 దాకా కార్ల్ మార్క్స్ పేరే ఉండేది. మా తాత కుర్రతనంలో ఎర్రజెండా మీటింగులకి తిరిగిన మనిషి, ఆయనకి ఫోటో పంపితే ఊళ్ళో అందరికీ చూపించుకున్నాడు. రాత్రి పొద్దుపోయాక ట్రామ్ దిగి ఒక్కదాన్నే రూముకి నడుచుకుంటూ వస్తాను, మా ఊళ్ళో ఏడు దాటితే బయటికి పంపేవాళ్ళు కాదు. రావద్దు అని నేను ఎవరికీ చెప్పను.

నేను చెప్పేది ఒకటే, పార్ట్‌టైం మీద వడ్డీ కట్టొచ్చు అనే లెక్కతో మాత్రం పంపకండి. మొదటి ఏడాది మొత్తం పని దొరక్కపోయినా ఇంట్లో వాళ్ళు తట్టుకోగలరా అనేది చూసుకుని పంపండి. ఇంకొకటి, జర్మన్ నేర్పించి పంపండి, ఇంగ్లీషులో కోర్సు ఉంది కదా జర్మన్ ఎందుకు అంటారు కన్సల్టెన్సీల వాళ్ళు, క్లాసుకి అక్కర్లేదు నిజమే, ఉద్యోగానికీ, డాక్టర్ దగ్గరికీ, ఇంటి ఓనర్‌తో మాట్లాడటానికీ కావాలి. జర్మన్‌లో బీ1 లెవెల్, అంటే మధ్యరకం దాకా పాసై వచ్చిన మా క్లాస్‌మేట్‌కి రెండో సెమిస్టర్‌లోనే ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో స్టూడెంట్ జాబ్ వచ్చింది, పగటి పూట, కుర్చీలో కూర్చుని, చదువుకి పనికొచ్చే పని. మన ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉన్నాయి, వాటి కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో సాయంత్రం పూట జర్మన్ క్లాసులు పెడితే కోర్సు నాలుగేళ్ళలో బీ1 దాకా తేలిగ్గా వస్తారు. అప్లికేషన్ కూడా ఎవరికి వాళ్ళే వేసుకోవచ్చు, మన డిగ్రీ కాగితాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18 వేల రూపాయలు, యూనివర్సిటీల తరపున అప్లికేషన్లు తీసుకునే యూని అసిస్ట్‌లో మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. దీనికి లక్షలు ఇవ్వాల్సిన పని లేదు, ఎవరైనా ఎక్కువ అడిగితే ఏ పనికి ఎంత అని కాగితం మీద రాసిమ్మని అడగండి.

సార్, మీ జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒక్కసారి పావు పేజీ మాకు ఇవ్వండి. జర్మనీ, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, అమెరికా ఎక్కడెక్కడ మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు ఉన్నారో వాళ్ళతో అద్దె ఎంత, పని ఎన్నాళ్ళకి దొరికింది, అప్పు ఎంత ఉంది, ఏం తింటున్నారు అనేది రాయించండి, పేర్లు వేయకపోయినా పర్లేదు. మా హాస్టల్ నుంచే నలుగురు రాయడానికి ఒప్పుకున్నారు. డబ్బులేం వద్దు, తెలుగులో టైప్ చేసి మేమే మెయిల్ చేస్తాం.

ఇట్లు,
వజ్రపుకొత్తూరు మండలం విద్యార్థిని,
కెమ్నిట్జ్, జర్మనీ.