నాకుత్తరమిచ్చియున్నావు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వడిగినదానికి జవాబు చెప్పకుండా "ఉత్తరం రాస్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. నీ గొంతులో వణుకు విన్నాక రెండు ముక్కల్లో తేల్చెయ్యడానికి మనసొప్పలేదు.

నీ రూమ్మేట్ యూదుల అమ్మాయి కదా. మన బైబిల్లో "వారు నా చేతులను నా పాదములను పొడిచియున్నారు" అని ఉన్న ఇరవై రెండో కీర్తన పదహారో వచనం హీబ్రూలో తీసి చూపించి, "ఇక్కడ పొడిచారని లేదు, సింహంలా అని ఉంది, మీవాళ్లు మార్చుకున్నారు" అందన్నావు. "సండే స్కూల్లో నువ్వే కదా నాన్నా నేర్పింది, మేకులు కొడతారని దావీదు వెయ్యేళ్ల ముందే రాశాడని" అని అడిగావు. అవును, నేనే నేర్పాను. చార్టు మీద ఒకవైపు కీర్తన వచనాలు, ఇంకోవైపు సిలువ కథ రాసి, మధ్యలో ఎర్ర దారాలు కట్టేవాణ్ణి. వాటిలో అన్నిటికంటే లావు దారం పదహారో వచనానిది. నేను చేసిన పొరపాటు అక్కడే ఉంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హీబ్రూలో వావ్, యోద్ అని రెండు అక్షరాలు. వావ్ కాస్త పొడుగు, యోద్ కురచ, అంతే తేడా. మన పాత చేతిరాతల్లో ప, వ ఒకదానిలా ఒకటి కనపడి తికమక పెట్టినట్టే అవీ పెడతాయి. ఆ మాట చివర యోద్ ఉంటే 'కఆరీ', అంటే సింహంలా. వావ్ ఉంటే 'కఆరూ', అదొక క్రియ. యూదులు తరతరాలుగా చదువుకుంటున్న పాఠంలో యోద్ ఉంది. ఆ పాఠానికి పూర్తిగా మిగిలిన ప్రతుల్లో పాతది లెనిన్‌గ్రాడ్ ప్రతి, 1008 నాటిది. మృత సముద్రం దగ్గర నహల్ హెవెర్ గుహలో దొరికిన తోలు ముక్క దానికంటే తొమ్మిది వందల ఏళ్లు పాతది. దాన్ని అచ్చువేసిన పండితులు అక్కడ వావ్ చదివారు. క్రీస్తు పుట్టకముందే కీర్తనల్ని గ్రీకులోకి తెచ్చిన యూదులు కూడా అక్కడ 'తవ్వారు' అన్న క్రియే పెట్టారు, మన 'పొడిచారు' దాని దారిలోదే. కాబట్టి మనవాళ్లు కల్పించారన్న మాట నిలవదు.

అలాగని ఆ పిల్ల మాట తీసిపారెయ్యకు. హీబ్రూలో తవ్వడమనే క్రియకు మధ్యలో ఆలెఫ్ అక్షరం ఉండదు, ఇక్కడ ఉంది. ఎందుకుందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆ తోలు ముక్క రాసినవాడు పక్కనే 'నా చేతులు' అనాల్సిన చోట 'ఆమె చేతులు' అని తప్పు రాశాడు కూడా. పోనీ 'సింహంలా నా చేతులు, నా పాదాలు' అని చదువుదామంటే వాక్యానికి క్రియ లేకుండా పోతుంది. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న యూదు పండితుడు రాషీ, సింహం నోట్లో పడి నలిగినట్టున్నాయని దానికి అర్థం చెప్పాడు. అదే కీర్తనలో పదమూడో వచనంలో సింహం ఉంది, ఇరవై ఒకటిలోనూ ఉంది. కాబట్టి రాషీ చెప్పింది ఆధారం లేని మాట కాదు. యూదులే తమ గ్రంథాన్ని దిద్దుకున్నారని మన బోధకులు ఎంతోమంది శతాబ్దాల తరబడి నింద వేశారు. అలాంటి నిందలు ఆ జనం మీద ఎన్ని దెబ్బలుగా పడ్డాయో నీకు తెలుసు. నీ నోట ఆ మాట ఎప్పుడూ రాకూడదు తల్లీ.

ఇక నన్ను చాలాకాలం ఆలోచనలో పడేసిన సంగతి. కొత్త నిబంధనంతా వెతుకు, పదహారో వచనాన్ని ఎవరూ ఎత్తి చూపలేదు. సిలువ దగ్గర సువార్తికులు ఈ కీర్తనలోంచి తీసుకున్నవి వేరే. జనం తలలు ఊపుతూ ఎగతాళి చెయ్యడం, "దేవుడు తప్పిస్తాడేమో చూద్దాం" అన్న వెక్కిరింత, బట్టలు పంచుకుని అంగీకి చీట్లు వెయ్యడం. "తాము పొడిచినవాని తట్టు చూతురు" అని యోహాను రాసింది కూడా జెకర్యా ప్రవక్త గ్రంథం నుంచి తెచ్చిన మాటే. చేతుల్లో మేకుల గుర్తుల గురించి రాసిన యోహానే ఈ వచనం జోలికి పోలేదు. నేను మాత్రం నా చార్టు బరువంతా దానిమీదే వేశాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఈ కీర్తనలో మెస్సీయ, అంటే అభిషిక్తుడు, అన్న మాటే లేదు. రెండో కీర్తనలో అభిషిక్తుడున్నాడు, నూటపదిలో ప్రభువు కుడిపార్శ్వాన కూర్చునే రాజున్నాడు. ఇందులో ఉన్నది "నేను పురుగును, నరుడను కాను" అనుకునే మనిషి. యూదులు ఇందులో దావీదును విన్నారు, చెదిరిపోయిన తమ జాతి మొత్తాన్నీ విన్నారు. యూదుల ప్రాచీన బోధల గ్రంథం తల్మూదులో ఒకచోట, తన జనాన్ని కాపాడమని అడగడానికి పిలుపు లేకుండా రాజు దగ్గరికి బయల్దేరిన యూదు రాణి ఎస్తేరు విగ్రహాల గదిలోకి రాగానే దేవుని సన్నిధి తనను విడిచిపోయిందని "నా దేవా, నా దేవా, నన్ను ఏల విడనాడితివి" అన్న ఈ కీర్తన మొదటి వచనమే పలికిందని ఉంది. చావో బతుకో తెలియక ఒంటరిగా నడిచే ఆడపిల్ల నోట ఈ మాట ఎంత సరిగ్గా అమరిందో చూడు.

మనవాళ్లలోనూ ఒక్కటే మాట లేదు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు, త్రుఫో అనే యూదుడితో సంభాషణగా రాసిన పుస్తకంలో ఈ కీర్తనను వచనం వచనం విడదీసి, అంతా క్రీస్తు గురించేనన్నాడు. తర్వాత మొప్సుఎస్తియ బిషప్పు థియొడోరు, కాదు, ఇది దావీదు తిరగబడ్డ కొడుకు అబ్షాలోము వల్ల పడ్డ బాధ అన్నాడు. అతను పోయిన నూట పాతికేళ్ల తర్వాత, 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన క్రైస్తవ మహాసభ అతన్నీ అతని రాతల్నీ ఖండించింది. అందుకు వేరే కారణాలూ ఉన్నాయి. నా మట్టుకు నేను, దావీదు తన సొంత బాధే చెప్పుకున్నాడన్నది కొట్టివెయ్యలేను. తనది కాని ఏడుపు అంత వేడిగా ఎవరూ ఏడవలేరు.

మరి నాన్నా, నువ్వింకా ఇది క్రీస్తును గురించిన ప్రవచనమే అంటావా అంటే, అంటాను. నిండు మనసుతో అంటాను. సిలువ మీద ఆయన దాని మొదటి వచనాన్ని తన నోట పలికాడు గనుక అంటాను. ఆయన పలికిన తీరు చూడు. కీర్తనలో హీబ్రూ మాట 'అజవ్తానీ'. ఆయన కేక 'సబక్తానీ', అది అరమేయిక్. ప్రాణం పోయేటప్పుడు ఇంటి భాష వస్తుంది ఎవరికైనా. మన తెలుగు బైబిల్లో కూడా కీర్తనలో "నన్ను ఏల విడనాడితివి" అని ఉంటే, సువార్తలో "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని ఉంది. రెండోది మనం మాట్లాడుకునే తెలుగు. తిరణాల్లో తండ్రి చెయ్యి జారిపోయిన పిల్లవాడి మాట.

ఇది నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నాకు ఏడేళ్లప్పుడు నా తమ్ముడు జ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. సమాధి దగ్గర మీ నాయనమ్మ మట్టిలో కూలబడి "నా దేవా, నా దేవా, నన్నేల విడనాడితివి" అని అరిచింది. ఆమెకు చదువు రాదు, మందిరంలో వినివిని నేర్చింది. సంఘ పెద్ద ఒకాయన దగ్గరికొచ్చి "అట్టా అనమాకమ్మా, సణుగుడు పాపం" అన్నాడు. ఆమె తలెత్తి "ఏసయ్య అన్న మాటేగదయ్యా నేనంటంది" అంది. ఆయన మరి మాట్లాడలేదు. తల మీద కండువా తీసి ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఎన్నో ఏళ్లు శుభ శుక్రవారాన, సిలువ మీద ఆయన పలికిన నాలుగో మాటైన ఈ కేక మీద నేను ప్రసంగించాను. ఆ రోజు ఆమె అన్నదానికంటే ఎక్కువేమీ చెప్పలేదు. దావీదు ఏడుపులోకి, ఎస్తేరు భయంలోకి, మీ నాయనమ్మ కడుపుకోతలోకి ఆయన దిగి, ఆ మాటే తన మాట చేసుకున్నాడు. నెరవేర్పు అంటే నాకు ఇదే. మాట పలికిన మనిషి అనుకున్నదానికంటే లోతుగా నిండింది. ఆ కీర్తన చివర, మొఱ్ఱపెట్టినవాడికి దేవుడు "తన ముఖము దాచలేదు" అని ఉంటుంది. హెబ్రీ పత్రిక రాసినవాడు కూడా "నీ నామమును నా సహోదరులకు ప్రచురపరచెదను" అన్న వచనాన్ని తిరిగి లేచిన క్రీస్తు నోట పెట్టాడు. సగంలో ఆపి చదివితే ఈ కీర్తన అందదు.

ఆ పిల్లతో వాదించకు. అక్షరం సంగతి ఆమె చెప్పిన వైపు కూడా బలముందని ఒప్పుకో, నాయనమ్మ సంగతి చెప్పు. ఆమె ఇంట్లో ఈ కీర్తన ఎప్పుడు చదువుతారో అడిగి తెలుసుకో. చార్టు విప్పేశాను. లావు దారం ఇప్పుడు మొదటి వచనానికి కడుతున్నాను. పదహారుకి కూడా ఒక దారం ఉంచాను, సన్నటిది.

నాకొక సాయం చెయ్యి. ఆ అమ్మాయికి ఇష్టమైతేనే, కీర్తన మొత్తం హీబ్రూలో చదివించి రికార్డు చేసి పంపు. కాలేజీలో రెండేళ్లు అక్షరాలు దిద్దానేగానీ, దాన్ని ప్రార్థనగా ఎరిగిన నోట ఎప్పుడూ వినలేదు. మొదట్లో 'అజవ్తానీ', నన్ను విడిచావు, అని వస్తుంది. ఇరవై ఒకటో వచనంలో, సింహం నోట్లో, గురుపోతుల కొమ్ముల మధ్య ఉండగానే, వాక్యం పూర్తికాకముందే, 'అనీతానీ' అని వస్తుంది. నాకుత్తరమిచ్చియున్నావు. ఆ రెండు మాటలూ ఒకేలా ముగుస్తాయి. అవి ఆ పిల్ల గొంతులో ఎలా పలుకుతాయో నాకు వినాలనుంది.

అమ్మ ఆవకాయ సీసా సర్దుతోంది, వచ్చే వారం పంపిస్తాం.

ప్రేమతో,
నాన్న