పూలపళ్లేలు పట్టడానికేనా గైడ్స్?

సంపాదకుడు గారికి,

ఈమధ్య ఒక పాఠశాల వార్షికోత్సవానికి వెళ్లాను. మెడలో స్కార్ఫు, నడుముకు బెల్టుతో పదహారు మంది గైడ్స్ (స్కౌట్స్ లాంటి ఆడపిల్లల సేవాదళం) గేటు దగ్గర పూలపళ్లేలు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. "ఈ ఏడాది ఏం సేవ చేశారమ్మా?" అని అడిగితే, "ఇదే టీచర్" అంది ఒక పిల్ల. ఇరవై రెండేళ్లు గైడ్ కెప్టెన్‌గా, అంటే ఆ పిల్లలను నడిపించే టీచర్‌గా పనిచేసినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

2015 గోదావరి పుష్కరాలకు మా పిల్లలను రాజమహేంద్రవరం తీసుకువెళ్లాను. ఒక రేవులో మంచినీళ్ల ప్యాకెట్లు పంచే పని మాకిచ్చారు. మొదటి రోజే, జులై 14న, పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. ఆ సాయంత్రం కొందరు తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లలను తీసుకుపోయారు. వాళ్లను తప్పుపట్టను. మిగిలినవాళ్లు రాత్రి 'కోర్ట్ ఆఫ్ ఆనర్'కు కూర్చున్నారు. అంటే పెట్రోల్ లీడర్ల సభ. (పెట్రోల్ అంటే ఆరేడుగురు పిల్లల దళం, బంకులో పోసేది కాదు.) మల్లె పెట్రోల్ లీడర్, తొమ్మిదో తరగతి పిల్ల, అంది: "నీళ్లు ఎవరైనా పంచుతారు. ముసలమ్మలకు కొడుకుల ఫోను నంబర్లు నోటికి రావు. చీటీ రాసి కొంగుకు కడదాం."

మర్నాడు కట్టారు. మూడు మునకలకే సిరా కరిగిపోయింది. నేనైతే అక్కడితో మానేసేదాన్ని. వాళ్లు చీటీని పాలిథిన్ ముక్కలో పెట్టి, కొవ్వొత్తి మంటతో అంచులు అతికించారు. ఊరి పేరు తప్ప ఏమీ చెప్పలేని ఒక అవ్వ, ఆ చీటీ పుణ్యమా అని మధ్యాహ్నానికల్లా కొడుకును చేరింది. ఎంతమందికి కట్టారో లెక్క రాయలేదు గానీ, నాలుగు నోటు పుస్తకాలు అయిపోయాయి.

నేను సిగ్గుపడేది ఒకటుంది. జనానికి నీళ్లు పంచుతున్న పిల్లలు తాము నీళ్లు తాగడం లేదని మూడో రోజుకు గాని కనిపెట్టలేకపోయాను. దగ్గరలో ఆడవాళ్లు వెళ్లదగిన మరుగుదొడ్డి లేదు.

గైడ్ల సంఘం 1951లోనే భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కలిసింది. పేరుకు ఒకటే సంస్థ. డ్యూటీలు వేసేటప్పుడు మాత్రం జనాన్ని ఆపే తాడు పట్టే పని అబ్బాయిలకు, పళ్లెం పట్టే పని అమ్మాయిలకు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఏర్పాట్లు చూసే అధికారులకు నా మనవి: గైడ్స్‌ను ఆఖరి వారంలో లారీ ఎక్కించకండి. ఆరు నెలల ముందే పిలిచి, మీ రేవులో మీరేం చేస్తారని వాళ్లనే అడగండి. వాళ్లు నిలబడే చోటుకు దగ్గరలో ముందుగా మరుగుదొడ్లు కట్టించండి. చీటీలు అతికించడం కావాలంటే నేనే వచ్చి చూపిస్తాను. మంట ఒక్క క్షణం ఎక్కువ తగిలినా పాలిథిన్ ముడుచుకుపోతుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తూర్పు గోదావరి జిల్లా