మంత్రి గారూ, మేమడిగింది 120 గ్రాముల పొడి

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. వైనతేయ ఒడ్డున ఒక లంక ఊరి నుంచి రాస్తున్నాను. కోడిపిల్లల మందు పొడి కోసం మా డ్వాక్రా సంఘం తరఫున ఇది నాలుగో ఉత్తరం. ముందు మూడూ సోమవారం అర్జీలుగా ఇచ్చాం, రసీదులు దాచుకున్నాం. మూడో దానికి సెల్‌కి మెసేజ్ కూడా వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. నిజమేనండి. కోడిపిల్లలే చచ్చిపోయాక ఇంక సమస్య ఎక్కడ మిగిలింది?

పెరటి కోళ్ల పథకం గురించి తమరికి నేను చెప్పక్కర్లేదు. నాలుగు వారాలు సాకి, గట్టిపడ్డ పిల్లల్ని ఇస్తామన్నారు. జూలైలో, ముసురు పట్టిన రోజున, పంటు మీద రేవు దాటించి మా చేతిలో పెట్టినవి రెండు వారాల పిల్లలు. ఒంటి మీద నూగు కూడా పూర్తిగా రాలలేదు. మనిషికి 25 చొప్పున పదిమందికి 250. "ఇవి నాలుగు వారాలవేనా బాబూ?" అనడిగితే, "ఆయ్, ఎదుగుదల కాస్త తక్కువండి" అన్నాడు దింపడానికొచ్చిన కుర్రాడు. మా వాటా ముందే కట్టేశాం. సంతకం పెట్టకపోతే పిల్లల్ని వెనక్కి పట్టుకుపోతామన్నారు. పెట్టాం.

మొదటి పది రోజులూ బాగానే గడిచాయి. మిల్లు నుంచి ఊక తెచ్చి పరిచాం, కొబ్బరి మట్టలతో దడి కట్టాం, వెచ్చదనానికి బల్బు వేలాడదీశాం. వాన మాత్రం వదల్లేదు. లంకలో జూలై అంటే పైకప్పు కారకపోయినా కింద నేలే చెమ్మగిల్లుతుంది. దానికి తోడు పిల్లలు నీళ్ల పళ్లెం తన్నేస్తాయి. పొద్దున మార్చిన ఊక సాయంత్రానికి ముద్దయిపోయేది.

పదకొండో రోజు తెల్లవారి తడిక తీసేసరికి ఒక పిల్ల మూలన రెక్కలు జార్చి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఊక మీద ఎర్రటి చుక్కలు. మా అత్తగారు చూసి, "కొక్కెర తెగులు కాదే, కొక్కెరయితే పచ్చగా పారతాయి. ఇది నెత్తురు" అన్నారు. మధ్యాహ్నానికి అలాంటివి నాలుగయ్యాయి. పక్కింటి వదిన వాళ్లవి ఆరు.

అట్టపెట్టెలో రెండు పిల్లల్ని పెట్టుకుని, పంటు ఎక్కి, ఆటో మారి పశువుల ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ అడిగిన మొదటి మాట, "తల వాచిందా? ముక్కు నుంచి నీరు కారుతోందా?" అని. వాళ్ల టెన్షన్ నాకు అర్థమైంది. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తెల్ల సూట్లు వేసుకుని ఎంతమంది దిగారో టీవీలో అందరం చూశాం. "లేదండీ, నెత్తురు విరేచనాలు" అన్నాను. "ఓస్, కాక్సిడియోసిసే" అన్నారు. ఆ "ఓస్" ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

జబ్బును కనిపెట్టడంలో తప్పు లేదు. దానికి మందుందా అంటే ఉందన్నారు. ఆంప్రోలియం అనే పొడి, నీళ్లలో కలిపి పెట్టాలి. ఇవ్వండి అన్నాను. "స్టాకు లేదమ్మా, ఇండెంటు పెట్టాం, వస్తుంది. అందాకా ఇది వాడు" అని బీ కాంప్లెక్స్ సీసా ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికెళ్లి బ్లీచింగ్ చల్లమన్నారు.

ఆ రాత్రి తొమ్మిది పోయాయి.

మర్నాడు మా ఆయన టౌనుకెళ్లి మందుల షాపులో పొడి కొనుక్కొచ్చారు. వంద గ్రాముల ప్యాకెట్టు. దాని మీద తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు. షాపులో కుర్రాడు చెప్పిందల్లా "పాతిక లీటర్లకు ముప్పై గ్రాములు" అని. పాతిక లీటర్లు ఎక్కడ, అయ్యా? పాతిక పిల్లలు రోజంతా కలిపి రెండు లీటర్లు కూడా తాగవు. లీటరుకు గ్రామూ ఇరవై పాయింట్లు, అంటే 1.2 గ్రాములన్నమాట. మా ఇంట్లో కిలో రాయి ఉంది, పావుకిలో రాయి ఉంది. గ్రామూ ఇరవై పాయింట్లు తూచడానికి కంసాలి దగ్గరకెళ్లాలి. వెళ్లాను కూడా. ఆయన నవ్వి, పొట్లాలు కట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. మా ఊళ్లో పశువైద్యానికి అందిన ఏకైక సహకారం అదేనని రాసుకోండి.

ఇంత చేసీ పిల్లలు ఆగలేదు. మూడో రోజు మా పెద్దనాన్న గారి ఊరి నుంచి రిటైరైన కాంపౌండరు గారొకాయన వచ్చి, గూటి పక్కనున్న సీసా చూసి తల పట్టుకున్నారు. ఆంప్రోలియం పనిచేసేదే బీ వన్ విటమిన్ వేషం వేసుకునట. పేగులో ఉన్న క్రిమి దాన్ని విటమిన్ అనుకుని తీసుకుని, అసలు విటమిన్ అందక చస్తుంది. అదే నీళ్లలో మనం అసలు విటమినే పోస్తే మందు వృథా అన్నారు. ఆసుపత్రి వాళ్లిచ్చిన బీ కాంప్లెక్స్ సీసాలో ఉన్నదీ ఆ విటమినే. ఆ సీసా, మేం కొన్న పొడి, రెండూ రోజూ కలిపే పోశాం. జబ్బు తగ్గాక ఇవ్వాల్సింది ముందిచ్చారు, ముందివ్వాల్సింది అసలివ్వలేదు.

బ్లీచింగ్ సంగతీ ఆయనే చెప్పారు. రెట్టలో పడిన ఆ క్రిమి గుడ్లు బ్లీచింగుకీ ఫినాయిలుకీ చావవట. తడీ వెచ్చదనమూ ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే ముదిరిపోతాయి, పిల్లలు గింజతో పాటు వాటినీ ఏరుకు తింటాయి, ఐదారు రోజులకు నెత్తురు పడుతుంది. ఊక ఎత్తి తగలబెట్టి పొడి ఊక వేయడమే దారి. ఆ ముక్క చెప్పడానికి స్టాకు అక్కర్లేదు కదండీ.

ఇంకొకటి కూడా తెలిసింది. ఈ జబ్బు ఎక్కువగా కాటేసేది మూడో వారం నుంచి ఆరో వారం లోపు పిల్లల్ని. సగం గండం మదర్ యూనిట్‌లోనే, అంటే మాకిచ్చే ముందు పిల్లల్ని సాకే చోటే, గడిచిపోవాలనేనేమో తమరు నాలుగు వారాలు అని రాసింది. ఆ రెండు వారాలూ ఎవరు మిగుల్చుకున్నారో నాకు తెలియదు, గండం మాత్రం మొత్తంగా మాకే వచ్చింది.

నా పాతికలో ఆరు మిగిలాయి. పదిమందివీ కలిపితే డెబ్భై లోపే. మిగిలినవి కూడా ఎండు పుల్లల్లా ఉన్నాయి, పెట్టలు ఇప్పటికీ గుడ్డు పెట్టలేదు.

ఒక లెక్క చెప్తాను. ఇంటికి రోజుకు రెండు లీటర్ల మందు నీళ్లు, ఐదు రోజులు. పన్నెండు గ్రాములు. పది ఇళ్లకు 120 గ్రాములు. వంద గ్రాముల ప్యాకెట్టు ఒకటీ, ఇంకోదాంట్లో ఐదో వంతూ. ఆ తర్వాత వారం రోజులు సగం మోతాదు పెట్టాలన్నారు, అదీ కలిపినా రెండు ప్యాకెట్ల మీద నాలుగు గ్రాములే ఎక్కువ. పిల్లలతో పాటు ఒక అట్టపెట్టెలో పడేస్తే అయిపోయేది. ప్రారంభోత్సవం ఫ్లెక్సీకి ఇంతకంటే ఎక్కువ అయి ఉంటుంది. ఆ ఫ్లెక్సీ మాత్రం పనికొచ్చిందండి, గూటి మీద కప్పాం.

అనపర్తి, తణుకు వైపు పెద్ద ఫారాల్లో డాక్టర్లుంటారు, ఈ జబ్బు రాకుండా మేతలోనే మందు కలుపుతారు. సంక్రాంతికి బరిలో దిగే పుంజుకు బాదంపప్పు, జీడిపప్పు, స్నానాలు, మాలీషు. చూడ్డానికి పెద్దలంతా వస్తారు. మా ఆడవాళ్ల గుడ్ల కోళ్లకు మాత్రం "స్టాకు లేదమ్మా".

దయచేసి పొడి పంపించండి. చిన్న పొట్లాలుగా, లీటరు నీళ్లకు ఒకటి అని తెలుగులో రాసి పంపించండి. నాలుగు వారాలన్నవి నాలుగు వారాలకే ఇవ్వండి. పోయిన పిల్లలకు ఏమిస్తారో తమ దయ, నష్టపరిహారం అనే మాట వాడితే అర్జీ ఇంకో టేబులుకు పోతుందని భయంగా ఉంది. పొడి మాత్రం పంపించండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
డ్వాక్రా సంఘం సభ్యురాలు, ఒక లంక గ్రామం

తా.క.: ఈ ఉత్తరం మడుస్తుండగా ఫోనొచ్చింది. రెండో విడత పిల్లలు సోమవారం వస్తున్నాయట, రేవు దగ్గరకొచ్చి దింపుకోమన్నారు. పొడి వచ్చిందా అని అడిగాను. "ఇండెంటులో ఉందండి" అన్నారు. ఇక్కడ మబ్బు పట్టి ఉంది.