పరిగెలు తలతో సహా తిను తల్లీ

చిట్టితల్లీ,

రక్తం తొమ్మిదే ఉందని డాక్టరమ్మ చెప్పినట్టు నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి మీ అమ్మకీ నాకూ ఒకటే టెన్షన్. ముందుగా ఒక మాట: ఐరన్ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకు. ఇక చేపల సంగతి.

అక్కడ ముళ్ళు లేని ముక్కలే కొంటున్నామన్నావు. అవీ మంచివే. శీలావతి గానీ బొచ్చె గానీ వంద గ్రాములు తింటే 16, 17 గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి, తేలిగ్గా అరుగుతాయి కూడా. కానీ కాల్షియం ఉండేది ముల్లులో. అది తీసి పారేశాక నీకూ, కడుపులో బిడ్డకూ దక్కేదేముంది? అందుకే ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు, పరిగెలు తినమంటున్నాను.

మొన్న రాజాంలో మడ్డువలస వైపు నుంచి వచ్చిన పరిగెలు కొన్నాను. వేలెడంత కూడా లేవు. ఉప్పేసి రాతి మీద రుద్ది, బొటనవేలితో పొట్ట నొక్కి పేగు తీశాను. తలలు ఉంచేశాను. కొన్ని చిన్న చేపల్లో విటమిన్ ఎ ఎక్కువగా కళ్ళలోనే ఉంటుంది మరి. మీ అమ్మ చింతపండు రసం చిక్కగా పోసి, గరిటె పెట్టకుండా దాకనే అటూ ఇటూ కుదుపుతూ సన్నసెగ మీద ఉడకనిచ్చింది. ముల్లు పంటికి తగల్లేదు. నువ్వుంటే నాలుగు ముద్దలు ఎక్కువ తిందువు అనుకుంది.

చేపతో పాటు తోటకూరో, గోంగూరో తిను. ఆకుకూరలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువే, పక్కన చేప ఉంటే ఎక్కువ పడుతుంది. తిన్న వెంటనే మాత్రం టీ తాగకు.

ఒమేగా కొవ్వుల కోసమైతే సముద్రపు కవళ్ళే మేలు. వారానికి ఒకసారి అవి, ఒకసారి చెరువు చేప అనుకో. ఏదైనా బాగా ఉడకాలి.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను. చూపుకి మంచిదని ఎవరైనా చేప చేదుతిత్తి, అదే పిత్తాశయం, మింగమంటే అస్సలు వినకు. మా చిన్నాన్న ఎవరో చెప్పారని పెద్ద బొచ్చె తిత్తి పచ్చిదే మింగేశాడు. తెల్లారేసరికి వాంతులు, రెండో రోజుకి మూత్రం ఆగిపోయింది. డయాలసిస్ మీద మూడు వారాలుండి బయటపడ్డాడు. ఉడికించినా ఆ విషం పోదట. ఉద్దానం ఊళ్ళు పడుతున్న బాధ చూస్తూ కూడా మనవాళ్ళు కిడ్నీలతో ఇలా ఆడుకోవడం నాకు భరించరానిది. నువ్వు చేప కోయించేటప్పుడు ఆ తిత్తి చిట్లకుండా తీయమని చెప్పు.

మొప్ప ఎర్రగా ఉందో లేదో ఎత్తి చూసి కొను, మొహమాటపడకు. పై నెల నేనొస్తాను. నువ్వుంటున్న చోట పరిగెలు దొరికితే చాలు, శుభ్రం చేసే పని నాది. మీ ఇంట్లో రుద్దడానికి గరుకు రాయి ఉందా? లేకపోతే ఇక్కడి నుంచే తెస్తాను.

మీ నాన్న